అపార్ట్‌మెంట్ లాబీకి పెయింటింగ్ ఒప్పుకున్నారా? గోడ చూడటం దగ్గర్నుంచి గోడకు తగిలించేదాకా

"లాబీకి పెద్ద పెయింటింగ్ ఒకటి కావాలంటున్నారు. ఏ సైజు చెప్పాలి? ఆయిలా, అక్రిలిక్కా? స్కెచ్ ఎప్పుడు చూపించాలి?" ఇళ్ళకు, చిన్న గదులకు బొమ్మలు వేస్తూ మొదటిసారి ఇలాంటి ఆర్డర్ అందుకున్న ప్రతి ఒక్కరూ దాదాపు ఇవే మాటలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ముక్కలుగా జవాబు చెప్పేకంటే మొత్తం ఒకచోట రాయడం మేలనిపించింది.

ముందే ఒక మాట. లాబీ పెయింటింగ్‌ను చూడటానికని ఎవరూ రారు. అందరూ దాన్ని దాటి వెళ్ళేవాళ్ళే. కానీ ఆ భవనంలో ఉండే మనిషి రోజుకు రెండుసార్లు దాటినా ఏడాదికి 700 సార్లకు పైగా దాన్ని చూస్తాడు. చేతిలో సంచులతో, నిద్ర కళ్ళతో, ఏడ్చే పిల్లాడితో, ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ చూస్తాడు. అందుకే ఈ పనిలో సగం మీ గదిలో జరగదు, ఆ లాబీలో నిలబడి జరుగుతుంది. ఇక్కడ చెప్పే తప్పుల్లో చాలావరకు ఆ సగాన్ని వదిలేయడం వల్ల వచ్చేవే.

కావలసినవి

కొలత టేపు, స్పిరిట్ లెవెల్, గోడకు అంటించి తేలిగ్గా తీయగల మాస్కింగ్ టేపు, పాత పేపర్లు లేదా బ్రౌన్ పేపరు, కెమెరా ఉన్న ఫోను, నోట్‌బుక్. ఇవి మొదటి రోజుకు.

పనికి: కాన్వాస్ లేదా ప్యానెల్, జెస్సో (రంగుల కంటే ముందు పూసే అడుగు పూత), మంచి రకం రంగులు, 5 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పున్న బ్రష్‌లు రెండు మూడు, మూత గట్టిగా పడే డబ్బాలు అరడజను, వార్నిష్. పెద్ద డబ్బాలు తప్పనిసరి. ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది.

తగిలించడానికి: బరువు మోసే పట్టీలు, గోడ రకానికి సరిపడే ప్లగ్గులు, స్క్రూలు, ఇంకో మనిషి.

1. లాబీకి రెండుసార్లు వెళ్ళండి, పగలొకసారి రాత్రొకసారి

ఫోటోలు పంపుతామంటారు. ఫోటోలతో సరిపెట్టుకోకండి. ఫోను కెమెరా వెలుతురును తనకు తోచినట్టు సరిచేసేస్తుంది. గోడ రంగు ఏమిటో, బల్బు పసుపు ఎంతో అందులో తెలియదు.

అక్కడ ఇవి రాసుకోండి. గోడ వెడల్పు, ఎత్తు. పైకప్పు ఎంత ఎత్తులో ఉంది. మనుషులు ఎటు నుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు. గుమ్మం నుంచి లిఫ్టు దాకా నడిచే మనిషికి మీ గోడ కొన్ని సెకన్లే కనిపిస్తుంది. లిఫ్టు కోసం నిలబడిన మనిషికి మాత్రం అర నిమిషమో నిమిషమో దొరుకుతుంది. రెండు గోడల్లో ఒకటి ఎంచుకోమంటే, లిఫ్టు ముందు నిలబడినవాళ్ళకు కనిపించే గోడనే అడగండి.

ఆ గోడ మీద ఎండ నేరుగా పడుతోందా? ఏ వేళలో? ఏసీ గాలి తగులుతోందా? గోడకు అవతల పక్క బాత్‌రూమో నీళ్ళ పైపులో ఉన్నాయా? అగ్నిమాపక పెట్టె, అలారం బటన్, స్ప్రింక్లర్, బయటికి దారి చూపే బోర్డు ఎక్కడున్నాయి? వీటిలో దేన్నీ మీ పెయింటింగ్ కప్పకూడదు, దారికి అడ్డం రాకూడదు. లాబీ అంటే ప్రమాదం జరిగితే అందరూ బయటపడే దారి. అందుకని అక్కడ తగిలించే వస్తువులకు మంట అంటుకునే గుణం గురించి నిబంధనలు ఉండొచ్చు. భవనం నిర్వాహకుల్ని ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బల్బుల మీద రాసి ఉండే రెండు అంకెలు కూడా రాసుకోండి. ఒకటి కెల్విన్. 2700, 3000 అంటే పసుపు కలిసిన వెలుతురు, 4000 అంటే తెలుపు. రెండోది సీఆర్‌ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. 90కి పైన ఉంటే మంచిది. 80 దగ్గరుంటే ఎరుపులు నీరసంగా కనిపిస్తాయి.

నా మొదటి లాబీ పనిలో నేను ఈ అంకెలు చూడలేదు. కిటికీ పక్కన పగటి వెలుతురులో బూడిద కలిసిన నీలాలు ఎంతో ఓర్పుగా పేర్చాను. తీసుకెళ్ళి 3000 కెల్విన్ దీపాల కింద పెడితే ఆ నీలాలన్నీ ఒకే మురికి రంగులోకి కుదించుకుపోయాయి. నెల రోజుల పనిలో మూడో వంతు మళ్ళీ వేశాను. అప్పటినుంచి లాబీలో ఉన్న బల్బులాంటిదే ఒకటి కొని నా గదిలో పెట్టుకుంటున్నాను. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే.

2. ఎవరు "సరే" అంటే సరే?

ఇంటివాళ్ళకు బొమ్మ వేసినప్పుడు ఒకరో ఇద్దరో ఒప్పుకుంటే చాలు. లాబీ అందరిదీ. మాట్లాడేది కార్యదర్శి, డబ్బిచ్చేది బిల్డరో సంఘమో, సలహా చెప్పేది ఇంటీరియర్ డిజైనర్, తీరా తగిలించే రోజున "ఇది మాకెవరూ చూపించలేదే" అనేది మూడో అంతస్తువాళ్ళు. అందుకే మొదటి సమావేశంలోనే అడగండి: తుది నిర్ణయం ఎవరిది? ఎంతమంది సంతకం కావాలి? నాతో మాట్లాడే ఒక్క మనిషి ఎవరు?

తర్వాత ఒప్పందం. రెండు పేజీలు చాలు, కానీ ఉండి తీరాలి. అందులో ఇవి రాయండి: సైజు, మాధ్యమం, ఏ గోడ, అప్పగించే తేదీ. డబ్బు ఎన్ని విడతల్లో. నేను మూడు భాగాలు అడుగుతాను: ఒప్పందం రోజున ఒకటి, స్కెచ్ ఒప్పుకున్నాక లేదా పని సగమయ్యాక ఒకటి, గోడకెక్కిన రోజున ఒకటి. మార్పులు ఎన్నిసార్లు. స్కెచ్ దశలో రెండుసార్లు ఉచితం, తర్వాత ప్రతి మార్పుకూ విడిగా డబ్బు అని స్పష్టంగా రాయాలి. రవాణా, దీపాలు, నిచ్చెన లేదా పరంజా, గోడకు డ్రిల్లు వేసే మనిషి, ఈ ఖర్చులు ఎవరివి? దారిలో దెబ్బ తగిలితే ఎవరు భరిస్తారు? మధ్యలో వద్దనుకుంటే అప్పటిదాకా ఇచ్చింది మీదేనా?

కాపీరైట్ గురించి ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. చాలా దేశాల్లో బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ కొన్నవాళ్ళకు వెళ్ళిపోదు. కానీ భారతదేశంలో డబ్బు తీసుకుని ఆర్డర్ మీద వేసిన పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవాళ్ళదే. బ్రోషర్ మీద, క్యాలెండర్ మీద మీ బొమ్మ అచ్చేసుకోవాలంటే మీ అనుమతి కావాలా అక్కర్లేదా అన్నది ముందే తేల్చండి. అలాగే, ముందు ముందు లాబీ బాగుచేసేటప్పుడు పెయింటింగ్ తీసేయాల్సి వస్తే మీకు ముందుగా తెలియజేయాలని రాయించండి. తిరిగి కొనుక్కునే మొదటి అవకాశం మీకే ఉండాలని కూడా అడగొచ్చు.

రాతకోతలు కళాకారుడికెందుకు అనుకునేవాళ్ళు మెక్సికో చిత్రకారుడు డీగో రివెరా సంగతి గుర్తు చేసుకోవాలి. 1933లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని ఒక భవనం లాబీకి ఆయన కుడ్యచిత్రం వేస్తున్నాడు. ఒప్పుకున్న స్కెచ్‌లో లేని లెనిన్ ముఖం గోడ మీదికొచ్చింది. యజమానులు తీసేయమన్నారు, ఆయన వినలేదు. డబ్బు పూర్తిగా ఇచ్చి పని ఆపించారు. 1934 ఫిబ్రవరిలో గోడ మీది చిత్రాన్ని పగలగొట్టించారు. ఆయన దాన్ని మెక్సికో నగరంలో మళ్ళీ వేసుకున్నాడు. ఎవరిది న్యాయం అన్న వాదన పక్కన పెట్టండి. స్కెచ్‌కూ గోడకూ మధ్య ఎంత మార్పుకు మీకు స్వేచ్ఛ ఉందో ఒప్పందంలో రాసుకోండి. "రంగుల్లో, చిన్న వివరాల్లో మార్పులు చిత్రకారుడి ఇష్టం, విషయంలో మార్పుకు అనుమతి అవసరం" అని నేను రాస్తాను.

3. సైజు నోటితో చెప్పకండి, గోడ మీద చూపించండి

కాగితం మీద 180 సెంటీమీటర్లు చాలా పెద్దగా వినిపిస్తుంది. 5 మీటర్ల గోడ మీద అది తపాలా బిళ్ళలా ఉంటుంది. అందరూ చేసే పొరపాటు చిన్నగా వేయడమే, పెద్దగా వేసి చెడిపోయినవాళ్ళు తక్కువ.

ఖాళీ గోడైతే దాని వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా అనుకోండి. కింద సోఫా ఉంటే సోఫా పొడవులో మూడింట రెండు వంతులు, సోఫా వీపుకూ పెయింటింగ్ అంచుకూ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు, అంతే. అసలు తీర్పు ఇలా వస్తుంది: పాత పేపర్లు అతికించి అసలు సైజు షీటు తయారుచేయండి. మాస్కింగ్ టేపుతో గోడకు అంటించండి. గుమ్మం దగ్గర, లిఫ్టు ముందు, సోఫాలో కూర్చుని చూడండి. దాన్ని అక్కడే రెండ్రోజులు ఉంచమనండి. నివాసులకు కూడా అలవాటవుతుంది. అభిప్రాయాలు అప్పుడే బయటికొస్తాయి, తగిలించే రోజు దాకా దాక్కోవు.

ఎత్తు సంగతి. గ్యాలరీల్లో బొమ్మ మధ్యబిందువు నేల నుంచి 145–152 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా చూస్తారు. లాబీలో పెద్ద బొమ్మకు ఇది కాస్త పైకి జరగొచ్చు. కింది అంచు నేల నుంచి కనీసం 90 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. సూట్‌కేసులు, సైకిళ్ళు, ఇల్లు మారేవాళ్ళ బీరువాలు, తడి మాప్‌లు అన్నీ దాని కిందే తిరుగుతాయి.

ఇంకో కొలత చాలామంది మరిచిపోతారు: దారి. మీ గది తలుపు, మెట్ల మలుపు, వాహనం, లాబీ గుమ్మం, వీటన్నిటిలోంచి ఆ బొమ్మ పడుతుందా? పట్టకపోతే రెండు మూడు ప్యానెళ్ళుగా విడగొట్టండి. ప్యానెళ్ళ మధ్య 3 నుంచి 5 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, స్కెచ్‌లోనే ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోండి. ముఖమో చెయ్యో సరిగ్గా చీలిక దగ్గర పడకుండా చూసుకోవాలి.

4. స్కెచ్

కొలత 10కి 1 పెట్టుకోండి. 240×150 సెంటీమీటర్ల బొమ్మకు 24×15 స్కెచ్. లెక్క తేలిక, గళ్ళు గీయడం తేలిక. రంగుల్లో రెండు వేరు వేరు ఆలోచనలు చూపించండి. ఐదు చూపిస్తే కమిటీలో ఐదుగురికి ఐదు నచ్చుతాయి.

విషయం ఏమిటన్నది మీ ఇష్టం, వాళ్ళ ఇష్టం. నేను చెప్పేదల్లా దూరం గురించి. మంచి చూపున్న కంటికి కూడా మూడున్నర మీటర్ల దూరంలో సుమారు ఒక మిల్లీమీటరు కంటే చిన్న వివరం విడిగా కనిపించదు. అంటే గుమ్మం నుంచి చూసేవాడికి మీ సన్నని గీతలు లేవు. అతనికి అందేవి పెద్ద ఆకారాలు, వెలుగునీడలు. దగ్గరికొచ్చి నిలబడినవాడికి మాత్రం ఏదో ఒకటి దొరకాలి, లేకపోతే 50వ సారికి బొమ్మ గోడలో కలిసిపోతుంది. అందుకని నేను మూడు దూరాలకు వేస్తాను. 6 మీటర్ల నుంచి రెండు మూడు ముద్దలు, 3 మీటర్ల నుంచి విషయం, ఒక మీటరు నుంచి బ్రష్ జాడలు, పొరల కింద నుంచి తొంగిచూసే రంగులు.

స్కెచ్‌ను పరీక్షించే తీరు: ఫోనులో ఫోటో తీసి గోటి సైజుకు కుదించండి. అప్పటికీ కూర్పు తెలుస్తోందా? తర్వాత ఫోటోను నలుపు తెలుపులోకి మార్చండి. అంతా ఒకే బూడిదగా కనిపిస్తే వెలుగునీడలు చాలలేదన్నమాట, రంగులు ఎంత అందంగా ఉన్నా లాబీలో నిలవవు. చివరగా అద్దంలో తిప్పి చూడండి, ఒరుగు ఉంటే బయటపడుతుంది.

ఒప్పుకున్న స్కెచ్ వెనుక సంతకాలు, తేదీ వేయించుకోండి. సంతకం పడేదాకా కాన్వాస్ కొనవద్దు.

5. దేని మీద వేయాలి

కాన్వాస్ తేలిక, మోయడం సులువు. ఏ వైపైనా మీటరు దాటితే చట్రానికి మధ్యలో అడ్డకర్ర ఉండాలి, లేకపోతే చట్రం మెలితిరుగుతుంది. చట్రం మందం 38 మిల్లీమీటర్లు ఉంటే ఫ్రేము లేకుండానే అంచులకు రంగు వేసి తగిలించొచ్చు. వెనుక వైపు ప్లాస్టిక్ ముడతల బోర్డు బిగించండి. గోడ వైపు దుమ్ము, చెమ్మ, వెనుక నుంచి తగిలే దెబ్బలు దాంతో తగ్గుతాయి. చిన్న ఖర్చే, చాలామంది పెట్టరు.

పిల్లలు బంతులాడే లాబీ అయితే గట్టి ప్యానెల్ మేలు. అల్యూమినియం కాంపోజిట్ షీటు (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) చెమ్మకు ఉబ్బదు, వంగదు. దాని నున్నటి పైపొరను గరుకుకాగితంతో రుద్ది, తుడిచి, దానికి తగిన ప్రైమర్ వేయాలి. ప్లైవుడ్ అయితే ముందూ వెనుకా అంచులూ అన్నీ సీలర్‌తో మూసేయాలి. ఒక వైపే మూస్తే విల్లులా వంగుతుంది.

నేరుగా గోడ మీదే వేయమంటే? కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగండి. తర్వాత చెమ్మ పరీక్ష చేయండి: 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు మూసి ఒక రోజు వదిలేయండి. లోపల నీటి బొట్లు కనిపించినా, గోడ రంగు ముదిరినా రంగు వేయకండి. తెల్లటి ఉప్పు పొడి పొంగిన గోడ ఎంత గీకినా నమ్మదగింది కాదు, ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వాళ్ళు కనిపెట్టి ఆపాలి. అంతా బాగుంటే క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేసి మొదలుపెట్టండి. గోడ మీద వేసింది గోడతోనే పోతుందని గుర్తుంచుకోండి. నన్నడిగితే, విప్పి తీసుకెళ్ళగలిగేదే వేస్తాను.

6. రంగుల ట్యూబు వెనుక చదవండి

లాబీ పెయింటింగ్ చెడిపోయే మొదటి కారణం వెలుతురు. పెద్ద అద్దాల గోడలున్న లాబీల్లో మరీను.

అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో హార్వర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాల కోసం వేసిన ఐదు పెద్ద చిత్రాలను 1964లో అక్కడ తగిలించారు. వాటిలో ఆయన లిథాల్ రెడ్ అనే రంగు వాడాడు, అది వెలుతురుకు నిలవదు. ఎదురుగా పెద్ద కిటికీలు. ముదురు ఎరుపులు వెలిసి నీలిబూడిదలోకి దిగిపోయాయి, 1979లో చిత్రాలను తీసి దాచేయాల్సివచ్చింది. అంత పేరున్న చిత్రకారుడికే రంగు ఎంపిక దగ్గర అలా జరిగింది.

అందుకని ట్యూబు మీద అందమైన పేరు కాదు, అందులోని రంగుపొడి ఏదో చెప్పే కోడ్ చూడండి. పీఆర్, పీబీ, పీవై అని రెండు మూడు అక్షరాలు, పక్కన అంకె ఉంటాయి. వెలుతురుకు నిలిచే గుణం ఏఎస్‌టీఎం (ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ) పద్ధతిలో 1 లేదా 2 ఉండాలి. 3 అయితే లాబీకి పనికిరాదు. అలిజరిన్ క్రిమ్సన్ అసలు రకం, అంటే పీఆర్ 83, వద్దు. దాని బదులు పీవీ 19 క్వినాక్రిడోన్ తీసుకోండి. ఫ్లోరెసెంట్ గులాబీలు, నారింజలు చూడటానికి మెరుస్తాయి, త్వరగా పోతాయి. ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పీఆర్ 101, పసుపు ఆక్సైడ్ పీవై 42, థాలో నీలం పీబీ 15, టైటానియం తెలుపు పీడబ్ల్యూ 6, ఇవి భయం లేకుండా వాడగలిగేవి. స్టూడెంట్ రకం రంగుల్లో రంగుపొడి శాతం తక్కువ, కప్పే శక్తి తక్కువ. అడుగు పొరలకు వాడుకోండి, పై పొరలకు వద్దు.

అనుమానం ఉన్న రంగును ఇలా పరీక్షించండి: కాగితంపై పట్టీ గీసి, సగం అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించి రెండు మూడు నెలలు ఉంచండి. రేకు తీస్తే తేడా కనిపిస్తే ఆ ట్యూబు మీ సాధన కాగితాలకే.

ఆయిలా అక్రిలిక్కా? గడువు ఉన్న పనికి అక్రిలిక్. ఆయిల్ పెయింటింగ్‌కు మామూలు వార్నిష్ వేయాలంటే 6 నుంచి 12 నెలలు ఆరనివ్వాలి, ఏ కమిటీ అంత కాలం ఆగదు. ఆయిలే కావాలంటే పొరలు పలచగా వేయండి, కింది పొర కంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలన్న నియమం తప్పకండి. వార్నిష్ కోసం మళ్ళీ వస్తానని ఒప్పందంలో రాయండి. అక్రిలిక్‌కు చలి పడదు. 10 డిగ్రీల కంటే తక్కువలో ఆరితే పొర సరిగ్గా అల్లుకోదు.

7. వేయడం

ఇక్కడ మీకు నేను చెప్పాల్సింది తక్కువ. మీ చెయ్యి మీది. పెద్ద సైజు వల్ల వచ్చే చిక్కుల గురించే చెప్తాను.

అసలు రంగులు మొదలుపెట్టే ముందు, వాడబోయే ప్రధాన రంగుల పట్టీ ఒకటి వేసి లాబీకి తీసుకెళ్ళి ఆ గోడకు అంటించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. నా నీలాలకు ఈ పని చేసి ఉంటే గంటలో తేలిపోయేది.

నేపథ్యం రంగును ఒకేసారి కలపండి, అవసరమనిపించిన దానికి ఒకటిన్నర రెట్లు. మూత డబ్బాలో పెట్టుకోండి. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. తడి రంగును ఆరిన రంగుకు సరిపోల్చడం నరకం. చివర్లో గీత పడినా ఆ డబ్బాలో మిగిలింది పనికొస్తుంది. అప్పగింతయ్యాక కూడా చిన్న సీసాలో కొంత దాచండి, దెబ్బ తగిలిన చోట దిద్దడానికి.

స్కెచ్ మీద సెంటీమీటరు గళ్ళు, కాన్వాస్ మీద 10 సెంటీమీటర్ల గళ్ళు గీసి ఎక్కించండి. ప్రొజెక్టర్ వాడితే అది కాన్వాస్‌కు సూటిగా ఉందో లేదో నాలుగు మూలలూ కొలిచి చూడండి. కొంచెం ఒరిగినా బొమ్మలోని మనుషులు పొడుగు సాగుతారు.

ఎప్పుడూ ఒకే భాగం మీద కూర్చోకండి. 20 నిమిషాలకోసారి గది చివరికి వెళ్ళి చూడండి. గది చిన్నదైతే తలుపు తీసి వరండాలోంచి చూడండి, అదీ కుదరకపోతే ఫోటో తీసి చూడండి. పెద్ద బొమ్మల్లో కనిపించే సామాన్యమైన తప్పు ఇదే: కింది సగం చేతికి అందుతుంది కాబట్టి వివరాలతో నిండిపోతుంది, పై సగం బోసిగా మిగులుతుంది. మెట్టు బల్ల తెచ్చుకోండి, లేదా కాన్వాస్‌ను తలకిందులు చేసి పై భాగం వేయండి.

పని సగమయ్యాక ఒక ఫోటో పంపండి, మీతో మాట్లాడే ఆ ఒక్క మనిషికే. రోజూ పంపకండి. సగం వేసిన బొమ్మను రోజూ చూసినవాళ్ళకు రోజూ ఒక ఆలోచన వస్తుంది.

8. వార్నిష్ మానకండి

లాబీలో దుమ్ము, చేతులు, తుడిచే బట్టలు తప్పవు. అక్రిలిక్ మీద ముందు ఒక వేరు పొర వేయండి: మెరుపు రకం సాఫ్ట్ జెల్ (రంగు లేని మెత్తటి అక్రిలిక్ ముద్ద) 2 వంతులు, నీళ్ళు 1 వంతు కలిపి వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో. అది ఆరాక తీసేయగల వార్నిష్. ఎప్పుడైనా మురికి వార్నిష్‌ను కరిగించి తీస్తే రంగు దాకా పోకుండా ఆ వేరు పొర కాపాడుతుంది. పలచటి అక్రిలిక్‌కు మూడు రోజులు, మందంగా వేసినదానికి రెండు వారాలు ఆరనిచ్చి మొదలుపెట్టండి.

మెరుపు రకమా, మెరుపు లేనిదా? లాబీలో మెరుపు వార్నిష్ వేస్తే దీపాలూ అద్దాల తలుపూ బొమ్మలో కనిపిస్తాయి. శాటిన్ (కొద్ది మెరుపుది) లేదా మ్యాట్ (మెరుపు లేనిది) తీసుకోండి. కానీ మ్యాట్ పొరలు రెండు మూడు వేస్తే ముదురు రంగుల మీద పాల తెర కప్పినట్టవుతుంది. కింది పొర మెరుపుది, ఆఖరి పొర ఒక్కటే మ్యాట్ వేయండి. డబ్బాను ఊపకుండా నెమ్మదిగా కలపాలి, లేకపోతే బుడగలొస్తాయి. ముందు చిన్న ముక్క మీద వేసి చూడటం మరిచిపోవద్దు.

సరిగ్గా పడిందో లేదో చూడాలంటే గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని పక్క నుంచి, కాన్వాస్‌కు ఆనించినట్టు పట్టుకోండి. వదిలేసిన మచ్చలు, జారిన చుక్కలు, అంటుకున్న వెంట్రుకలు అన్నీ కనిపిస్తాయి.

9. తీసుకెళ్ళడం, తగిలించడం

బబుల్ షీటు నేరుగా అక్రిలిక్ మీద చుట్టకండి. వెచ్చదనానికి అక్రిలిక్ మెత్తబడి బుడగల గుండ్రాలన్నీ అచ్చు పడతాయి. ముందు సిలికాన్ పూత ఉన్న కాగితం, దాని మీద బబుల్ షీటు, బుడగలు బయటివైపుకు. మూలలకు అట్ట రక్షణలు. వాహనంలో నిలబెట్టి కట్టండి, పడుకోబెట్టి మీద ఏమీ పెట్టొద్దు. ఎండలో మూసిన వాహనంలో వదిలి వెళ్ళొద్దు.

గోడను వేలితో తట్టండి. డొల్లగా మోగితే జిప్సం బోర్డు, లోపలి పట్టీలకు స్క్రూ పడాలి లేదా విచ్చుకునే ప్లగ్గులు కావాలి. రాతి పలకలు అతికించిన గోడైతే మీరే డ్రిల్లు వేయకండి. పలక చిట్లితే దాని ఖర్చు మీ పారితోషికాన్ని మింగేస్తుంది, ఆ పని తెలిసిన మనిషి చేతే వేయించమనండి. గోడలో కరెంటు తీగలు, పైపులు ఎటు పోతున్నాయో ముందు అడగండి.

పెద్ద బొమ్మకు తీగ కట్టి ఒక మేకుకు వేలాడదీయడం తప్పు. అది రోజుకింత ఒరుగుతుంది. 45 డిగ్రీల కోతతో ఒకదానిలో ఒకటి కూర్చునే రెండు పట్టీలు వాడండి, వీటిని ఫ్రెంచ్ క్లీట్ అంటారు. ఒకటి గోడకు, ఒకటి చట్రానికి. బరువు పట్టీ పొడవునా పంచుకుంటుంది. కింది అంచు దగ్గర తాళపు స్క్రూ ఒకటి బిగిస్తే ఎవరూ ఎత్తి తీయలేరు, పిల్లలు లాగినా ఊడదు. బొమ్మ ఎక్కించే ముందు గోడ పట్టీకి దాని బరువుకు రెండు రెట్ల బరువు ఒక రోజు వేలాడదీసి చూడండి.

దీపం కోణం: నిలువు నుంచి 30 డిగ్రీలు. లెక్క ఇది. పైకప్పు నుంచి బొమ్మ మధ్యబిందువు దాకా ఉన్న దూరాన్ని 0.58తో గుణించండి. పైకప్పు 300, మధ్యబిందువు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 150×0.58, అంటే గోడ నుంచి 87 సెంటీమీటర్ల దూరంలో దీపం ఉండాలి. గోడకు మరీ దగ్గరైతే బ్రష్ జాడల నీడలు పొడవుగా పడతాయి, మరీ దూరమైతే మెరుపు నేరుగా చూసేవాళ్ళ కళ్ళలోకి కొడుతుంది.

తగిలించాక ఐదు చోట్ల నుంచి చూడండి: గుమ్మం, లిఫ్టు ముందు, లిఫ్టు లోపలి నుంచి తలుపు తెరుచుకున్నప్పుడు, సోఫాలో కూర్చుని, సెక్యూరిటీ బల్ల వెనుక నుంచి. ఎక్కడి నుంచైనా తెల్లటి మెరుపు మచ్చ కనిపిస్తే ముందు దీపం తిప్పండి, బొమ్మను కాదు. రాత్రి ఇంకోసారి చూడకుండా ఇంటికి వెళ్ళకండి.

10. అప్పగింత, నెల తర్వాత

బొమ్మ వెనుక ఇవి రాయండి: పేరు, సంవత్సరం, మాధ్యమం, వాడిన వార్నిష్ పేరు, వేసిన తేదీ. పదేళ్ళ తర్వాత దాన్ని శుభ్రం చేసే మనిషికి ఆ ఒక్క వరుస చాలా పని తప్పిస్తుంది.

శుభ్రం చేసే సిబ్బందితో మీరే మాట్లాడండి, కమిటీకి చెప్పి ఊరుకోవద్దు. రోజూ ఆ గోడ దగ్గర బట్ట పట్టుకుని నిలబడేది వాళ్ళే. మెత్తటి పొడి బ్రష్‌తో నెలకోసారి పై నుంచి కిందికి దుమ్ము దులపడం, అంతే. తడి బట్ట వద్దు, అద్దాలు తుడిచే ద్రవం అసలే వద్దు. అందులోని అమ్మోనియా, ఆల్కహాల్ అక్రిలిక్ పొరను కరిగిస్తాయి. ఇదే మాట ఒక అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసి వాళ్ళ సామాను గదిలో అంటించండి. అడిగితే వాళ్ళే మీకు ఇంకో సంగతి కూడా చెప్తారు: ఏ వేళలో ఎండ ఎక్కడ పడుతుందో, ఏ గోడ వానాకాలంలో చెమ్మగిల్లుతుందో. నేను ఇప్పుడు ఈ సంభాషణను మొదటి రోజుకే జరిపేశాను.

నెల తర్వాత ఒకసారి వెళ్ళండి. కాన్వాస్ వదులైందా, మూలల్లో అలలు కనిపిస్తున్నాయా? చట్రం మూలల్లో ఉండే చిన్న చెక్క చీలలు కొద్దిగా కొట్టి బిగించండి. పట్టీ స్క్రూలు చేత్తో కదిలించి చూడండి. లెవెల్ పెట్టి చూడండి. గోడకూ బోర్డుకూ మధ్య వేలు పెట్టి చెమ్మ ఉందేమో చూడండి. చివరి విడత డబ్బు ఇంకా రాకపోతే ఆ రోజే అడగండి. తర్వాత లిఫ్టు పక్కన పదిహేను నిమిషాలు ఊరికే నిలబడి, ఎవరి అడుగు ఎక్కడ నెమ్మదిస్తుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి లాబీ స్కెచ్ ఆ పేజీ నుంచే మొదలవుతుంది.